కంటిన్యుటీ తప్పిన సముద్రం

మొదటి షాట్‌లో హీరోయిన్‌కి ఎర్రగాజులు, రెండో షాట్‌లో పచ్చగాజులు! హాల్లో ఎవడో పట్టేసి ఈల వేస్తాడు. అలా జరక్కుండా చూడ్డానికే సెట్లో ఒకడు నోట్‌బుక్కుతో తిరుగుతుంటాడు. మరి సముద్రమే కంటిన్యుటీ తప్పితే?

భోగాపురం దగ్గర ముక్కాంలో నాకు ఆ ముచ్చట తీరింది. ఓ మిత్రుడి చిన్న సినిమా. 'మరోచరిత్ర' (1978) చూసిన దగ్గర్నుంచీ వాడికి విశాఖ, భీమిలి తీరాలంటే పిచ్చి. అక్కడ జనం ఎక్కువని ఇంకాస్త పైకొచ్చాడు. పత్రికలకు రాసుకునే నాకు నోట్‌బుక్కు అప్పజెప్పాడు. ఫిబ్రవరిలో పల్లవి తీశాం. హీరో పరుగుకి పడవల నుంచి నీళ్లదాకా డెబ్బై అడుగుల ఇసుక. 'ఎడమ పక్క: వలల పాక' అనీ రాసుకున్నాను.

డబ్బులైపోయాయి. నవంబరులో, వాయుగుండం వెళ్లిన వారానికి, చరణం కోసం వెళితే... ఇసుకేదీ? కత్తితో కోసినట్టు నడుమెత్తు గట్టు, దాని కిందే నీళ్లు! నేనే ఎత్తుకుపోయానన్నట్టు మావాడు నా వంక చూశాడు.

"ఇసక యెక్కడికీ పోనేదు బాబూ. లోపలికెళ్లి తొంగుంది. సంద్రం నెమ్మదిస్తే అదే వొస్తాది" అన్నాడో ముసలాయన.

తర్వాత చదివితే ఆయన మాటే నిజం. మామూలు రోజుల్లో పొడవాటి అలలు ఇసుకను కొంచెం కొంచెంగా ఒడ్డుకి తోస్తాయి. నీరు కొంత ఇసుకలో ఇంకిపోతుంది గనక వెనక్కి లాగే బలం తక్కువ. తుఫానులో అల మీద అల! ఇంకే వ్యవధే ఉండదు. వెనక్కెళ్లే నీరు ఇసుకను ఈడ్చుకుపోయి కాస్త లోపల దిబ్బగా పోస్తుంది. తర్వాతొచ్చే పెద్ద అలలు ఆ దిబ్బ మీదే విరుగుతాయి. అంటే పోయిన ఇసుకే ఒడ్డుకి కాపలా అన్నమాట! 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికొచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు ఒడ్డున ఈ రాకపోకల్ని కొలిచారు.

ఇసుక పక్కకీ నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో అలలు ఏటవాలుగా తగిలి దాన్ని ఉత్తరానికి తోస్తాయి. దారిలో విశాఖ రేవు గోడలు అడ్డం. అందుకే అక్కడ ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్.కె. బీచిలో పోస్తుంటారు.

మళ్లీ ఫిబ్రవరికి వెళ్లాం. ఇసుక వచ్చేసింది! అడుగులేశాను, అరవై రెండు. మావాడు ఎగిరి గంతేశాడు. నేను నోట్‌బుక్కు తీశాను. ఎడమ పక్క పాక లేదు. అది ముసలాయనదే. వాయుగుండం రాత్రి వలలతో సహా పోయిందట. నవంబరులో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

షాటు కోసం వెదుళ్లు, తాటాకులు తెప్పించి పాత చోటే పాక వేయించాం. ముసలాయన చుట్టూ తిరిగి చూశాడు.

"సూటింగయ్యాక పీకేత్తారా?"

"నీకే ఉంచేస్తాం తాతా."

"ఇక్కడొద్దు బాబూ. సరుకిప్పించండి, సాలు."

సాయంత్రం ప్యాకప్ చెప్పగానే ఆయన, ఇద్దరు మనవలూ వెదుళ్లు భుజానేసుకుని ఊరి వెనక్కి, సరుగుడు తోట వైపు నడిచారు.