ఇద్దరు రోగుల తేడా

గణాంకాల మీద నాకున్న మోజు మిత్రులకు కొత్త కాదు. ఈ మధ్య ఒక పాత వైద్య ప్రయోగపు అంకెలు ముందేసుకుని సాయంత్రమంతా కూర్చున్నాను.

2000లో వెలువడిన, జర్మనీ వైద్యుల ప్రయోగమది. సీటీ స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించే కాంట్రాస్టు మందు, అప్పటికే నీరసించిన మూత్రపిండాలను దెబ్బతీస్తుందని భయం. ఎసిటైల్‌సిస్టీన్ అనే చవక మందు ఆ ముప్పు తప్పిస్తుందా అని 83 మంది మీద చూశారు. మందు తీసుకున్న 41 మందిలో ఒక్కరికి, తీసుకోని 42 మందిలో తొమ్మిదిమందికి క్రియాటినిన్ పెరిగింది. పి-విలువ 0.01. మందులో ఏ పసా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం నూటికి ఒకటి అన్నమాట.

ఆ ఒక్కరిని ఇద్దరు చేసి ఫిషర్ పద్ధతిలో లెక్కకట్టాను. 0.0485 వచ్చింది; అంటే 0.05 గీతకు వెంట్రుకవాసి ఇవతల. ముగ్గురు చేస్తే గీత దాటిపోయింది. ఇలా ఫలితం చెదిరిపోవడానికి ఎందరి గతి మారాలో ఆ సంఖ్యను ఫ్రాజిలిటీ ఇండెక్స్ అంటారు. 2014లో వాల్ష్ బృందం ఈ పేరుతో ప్రతిపాదించింది. తెలుగులో ‘పెళుసు సూచిక’ అందామా? ఇంతకన్నా మంచి మాట తోచినవారు చెప్పగలరు. 2017లో మూత్రపిండ వైద్యంలోని 127 ప్రయోగాలకు ఈ లెక్క వేస్తే మధ్యగతం 3 వచ్చింది. ఊరు మారి మళ్ళీ ఆస్పత్రి ముఖం చూడని రోగులే ఏ ప్రయోగంలోనైనా అంతమంది ఉండవచ్చు.

పెళుసైనదల్లా అబద్ధం కాదు. చిన్న ప్రయోగంలో నిజం కూడా పెళుసుగానే కనబడుతుంది. ఈ మందు మీద తరువాత వచ్చిన చిన్న ప్రయోగాలు కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. 2011లో బ్రెజిల్‌లో 2308 మందితో చేస్తే మందు తీసుకున్నవారిలోనూ తీసుకోనివారిలోనూ సరిగ్గా 12.7 శాతం మందికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2018లో సుమారు ఐదువేలమందితో అచ్చయిన ప్రయోగమూ ప్రయోజనం లేదనే తేల్చింది.

‘పోనీ, చవకే కదా, హాని లేదు కదా’ అనేవారున్నారు. ఆ మాట నాకు రుచించదు. మా పెద్దనాన్నగారికి 2006లో యాంజియోగ్రాముకు ముందు ఈ మందే ఇచ్చారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ముక్కు మూసుకుని తాగారు పాపం. రెండు రోజుల తరువాత క్రియాటినిన్ మళ్ళీ చూడాలా అని మేమడిగితే, అక్కర్లేదు, మందు ఇచ్చాం కదా అన్నారు.