కిన్నెర వెనుక

పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పటి ఫొటో మళ్లీ కనబడింది. చూడగానే జయధీర్ తిరుమలరావు గారు గుర్తొచ్చారు. జానపద, గిరిజన వాయిద్యాల కోసం ఏళ్ల తరబడి ఊళ్లూ గూడేలూ తిరిగారాయన. గూడూరు మనోజ గారూ తోడున్నారు. ఆ సేకరణే ‘ఆద్యకళ’. ఉద్యోగ విరమణతో ఆగిన పని కాదది, అందుకే ఆయనంటే నాకంత గౌరవం.

జమిడిక లాంటి వాయిద్యాన్ని గోడకు తగిలించి దాచొచ్చు. దాన్ని పలికించే బైండ్ల కళాకారుడు లేకపోతే? తోలు ఎలా ఎక్కించాలో, తీగ ఎంత బిగించాలో ఎవరు చెబుతారు?

అలాంటి కళాకారులను పిలిచి, అన్నం పెట్టి, బస్సు ఛార్జీల కోసం నలుగురినీ అడిగే మనిషి చాలా ఊళ్లలో ఒకరుంటారు. ఈసారి మన ఊరి జాతరకు ఆయన చందాకొస్తే కాస్త ఎక్కువే ఇద్దాం. పాట అయ్యేదాకా కూర్చుందాం కూడా.