ఇంటికి పూల్ టేబుల్ కొనేముందు



మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక బిడ్డయినా ఉద్యోగం చేయని కుటుంబాలు ఇప్పుడు మన పల్లె సంఘాలలో తక్కువే. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఆ వైపు బండరాళ్లు, తుప్పలే ఎక్కువ. ఇప్పుడు అక్కడి మేడల అంతస్తులు లెక్కపెడితే మెడ పట్టేస్తుంది. మన పిల్లలు ఆ అంతస్తులలో కాపురాలు చేసుకుంటున్నారు గనుక, వారి ఇళ్లలోకి వచ్చే కొత్త వస్తువుల సంగతి మనకూ కొంత తెలిసి ఉండటం మంచిది. పూల్ టేబుల్ అటువంటిది. బట్ట పరచిన పొడవాటి బల్ల, ఆరు కన్నాలు, పదహారు బంతులు, క్యూ అనే పొడవాటి కర్ర. కర్రతో తెల్ల బంతిని పొడిచి, దానితో మిగతా బంతులను కన్నాలలో పడేయాలి. ఆట ఇంతే.

మా పెద్దక్క కొడుకు కొండాపూర్‌లో ఉంటున్నాడు. భార్యాభర్తలిద్దరికీ కంప్యూటర్ ఉద్యోగాలే. రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో మాటలు. పిల్లలిద్దరూ చెరో గదిలో చెరో ఫోను పట్టుకుని ఉంటారు. వాళ్ల అపార్టుమెంటు క్లబ్బుహౌసులో పూల్ టేబుల్ ఉన్నా ఎప్పుడు వెళ్లినా పెద్దవాళ్లే ఆడుతుంటారట. "మామయ్యా, ఇంట్లోనే ఒకటి పెట్టుకుంటే నలుగురం ఒకచోట నిలబడతాం కదా" అన్నాడు. నన్ను అడగడానికి కారణం నేను పాస్టరునని కాదు. మా నాన్నగారు వడ్రంగి. బల్ల మంచిదో కాదో చూడటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

పాస్టరుగా అడిగింది వాడు కాదు, మా అక్క. "తమ్ముడూ, అది క్లబ్బుల్లో ఆడే ఆట కదా, ఇంట్లో పెట్టొచ్చా?" అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మన పెద్దలకు బిలియర్డ్స్ అంటే క్లబ్బు, క్లబ్బంటే పందెం, తాగుడు. ఈ కుటుంబంలోని స్నూకర్ ఆట 1875లో జబల్పూర్‌లో బ్రిటిషు సైనికాధికారుల మధ్య పుట్టింది. ఆ తరువాత ఊటీ క్లబ్బులో దానికి నియమాలు రాసిపెట్టారు. దొరల ఆటే, నిజం. అయితే 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ ప్రపంచ అమెచ్యూర్ పోటీ గెలిచిన విల్సన్ జోన్స్ మన దేశం వాడే. నాకు తెలిసి దోషం పందెంలో ఉంది, బల్లలో లేదు. ఒకే ఒక షరతు పెట్టాను: ఆ బల్ల మీద చాక్లెట్ పందెం కూడా కట్టకూడదు. అక్క ఒప్పుకుంది. అసలు చిక్కు తరువాత వచ్చింది.

షాపుకు పోకముందు టేపు తీసి గది కొలవాలి. కొనేవాళ్లు చాలామంది బల్ల కొలత చూసి గదిలో పడుతుందనుకుంటారు. బల్ల పడుతుంది, కర్ర పట్టదు. ఎనిమిదడుగుల టేబుల్‌లో బంతి దొర్లే చోటు 44 అంగుళాల వెడల్పు, 88 అంగుళాల పొడవు. మామూలు క్యూ 58 అంగుళాలు. బంతి అంచున ఆగినప్పుడు కర్ర పట్టుకుని నిలబడాలంటే అన్ని వైపులా ఆ 58 అంగుళాలు కావాలి. లెక్క వేయండి: 13 అడుగుల 4 అంగుళాలు, 17 అడుగులు. కర్రను వెనక్కి లాగడానికి మరికొంత. పోనీ ఏడడుగుల టేబుల్ తీసుకుందామా అంటే, దానికీ దాదాపు 12 అడుగుల 11 అంగుళాలు, 16 అడుగుల 2 అంగుళాలు కావాలి. బల్ల అడుగు తగ్గినా గదిలో కలిసొచ్చేది పదంగుళాలే. చోటు తినేది కర్ర.

షాపతను ఇంటి ప్లాను చూసి, "ఈ గది ఖాళీగా ఉన్నట్టుంది, ఇందులో ఆరడుగులది పెట్టి పొట్టి కర్రలు వాడుకోండి" అన్నాడు. పదకొండు పద్నాలుగు అడుగుల గది అది. ఖాళీ కాదు, మా అక్కది. బావగారు పోయాక ఏడాదికి నాలుగైదు నెలలు అక్కడుంటుంది. మిగతా నెలలు నరసరావుపేట దగ్గర మా ఊళ్లో. ఆమె మంచం, పాత ట్రంకుపెట్టె, బావగారి ఫోటో ఆ గదిలోనే ఉంటాయి.

ఆ రాత్రి అక్కే అంది: "ఉండేది నాలుగు నెలలేగా, హాల్లో దివాన్ మీద పడుకుంటాలే. పిల్లలు ఆడుకోనీ." మేనల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు. వద్దనలేదు, సరే అనలేదు. కోడలే ముందు నోరు తెరిచింది: "అత్తయ్యా, ఆ గదిలో అయితే నాకు టేబులే వద్దు." నేను టేపు తీసుకుని హాల్లోకి వెళ్లాను.

హాలు వెడల్పు 13 అడుగులు, పొడవు 20. మధ్యలో భోజనాల బల్ల. పూల్ టేబుల్ ఎత్తు సుమారు 30 అంగుళాలు, భోజనాల బల్లదీ అంతే. మీద చెక్క మూతలు పరిస్తే భోజనానికి పనికొచ్చే ఏడడుగుల టేబుళ్లు దొరుకుతాయి. పాత భోజనాల బల్ల తీసేస్తే ఎవరి గదీ పోదు. పొడవు వైపు సోఫాకు కూడా చోటు మిగిలింది. వెడల్పు వైపు మిగిలింది ఒక్క అంగుళమే. అందుకు 48 అంగుళాల పొట్టి కర్ర ఒకటి తీసుకోమన్నాను. గోడ పక్కన ఎవరు ఆడినా దానితోనే. ఈ రకం బల్లకు చట్రం కిందికి ఉంటే మోకాళ్లు తగులుతాయి గనుక షాపులో కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలి. మేము నాలుగు బల్లల దగ్గర కూర్చున్నాం. షాపతనికి నవ్వొచ్చింది.

ఇక నాణ్యత. బట్ట కింద ఏముందో అడగండి. చవక బల్లల్లో చెక్కపొడి అట్ట ఉంటుంది. మన వానాకాలపు చెమ్మకు అది ఉబ్బి వంగుతుంది. వంగిన బల్ల మీద బంతి తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది, వారం తిరక్కుండా పిల్లలు మళ్లీ ఫోను పట్టుకుంటారు. మంచి బల్లకు బట్ట కింద పలకరాయి ఉంటుంది. మందం ఒక అంగుళమైతే మేలు, ఇంటి వాడకానికి ముప్పావు అంగుళం చాలు. ఎనిమిదడుగుల టేబుల్ మొత్తం బరువు నాలుగు వందల కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మన దేశపు నిర్మాణ ప్రమాణాల ప్రకారం ఇంటి గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కగట్టాలి గనుక, సక్రమంగా కట్టిన ఇంట్లో భయం లేదు. లిఫ్టులో పట్టాలంటే మాత్రం రాయి మూడు ముక్కలుగా వచ్చేది తీసుకోవాలి.

షాపులో ఒక బంతిని నెమ్మదిగా దొర్లించి చూడండి. ఆగేముందు పక్కకు తిరిగిందంటే మట్టం లేదన్నమాట. అంచుల రబ్బరుకు గట్టిగా కొట్టండి. రబ్బరు మంచిదైతే బంతి చురుగ్గా తిరిగొస్తుంది, చచ్చుదైతే మొద్దు చప్పుడు చేసి దగ్గర్లోనే ఆగుతుంది. కాళ్లను ఊపి చూడండి. పైన నగిషీలు చూసి మోసపోవద్దు. ధర నేను రాయను, అది షాపు షాపుకూ మారుతుంది. బిగించే కూలి కూడా అందులో కలిసిందో లేదో అడగండి. బిగించడం తెలియనివాడి చేతిలో మంచి రాయి కూడా చెడుతుంది.

మా వాళ్లింటికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పని తెలిసినవాళ్లే. మూడు రాళ్లు పరిచి, రసమట్టం పెట్టి చూసి, ఒక మూల పల్లంగా ఉంటే కింద పేకముక్క దోపారు. పేకముక్కకు నేను చూసిన మంచి ఉపయోగం ఇదొక్కటే. అతుకుల్లో మైనం కరిగించి పోశారు. అది ఆరేలోపు అక్క వచ్చి రాయి మీద చెయ్యి వేసి, "ఒరేయ్, ఇది పలక కదరా!" అంది. పలకే. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మాది. ఆమె ట్రంకుపెట్టెలో వెతికి బలపం ముక్క తెచ్చింది. మనవడి పేరు, మనవరాలి పేరు ఆ రాయి మీద రాసింది. మేనల్లుడు ఆ బలపం తీసుకుని కింద అమ్మ పేరు రాశాడు. కుర్రాళ్లు చెరపబోతే కోడలు ఆపింది. దాని మీదే బట్ట లాగి బిగించారు.

బట్టను మెత్తని బ్రష్షుతో ఒకే వైపుకు తుడవాలి. ఆట కాగానే గుడ్డ కప్పాలి. టీ గ్లాసు పెట్టనీయకూడదు. నాలుగైదు నెలలకు చట్రం కుదురుకుంటుంది గనుక మట్టం మళ్లీ చూపించుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక కంచాలు ఎవరు ఎత్తితే వారిదే మొదటి ఆట అని కోడలు నియమం పెట్టిందట. ఇంతవరకు కంచం ఎత్తి ఎరగని మనవడు ఇప్పుడు అందరికన్నా ముందు లేస్తున్నాడట. అక్క ఈసారి క్రిస్మస్ దాకా అక్కడే ఉంటానని ఫోనులో చెప్పింది. ఎనిమిదో నంబరు నల్ల బంతిని అన్నిటికన్నా చివర వేయాలట, పొట్టి కర్ర తనకే బాగా కుదిరిందట.