ఇరవై అయిదు మీటర్ల దూరం

సంపాదించే మనిషికి జబ్బు చేస్తే ఇల్లంతటికీ కష్టమే. అయితే మంచాన పడిన మనిషిని నలుగురూ వచ్చి పలకరిస్తారు. లేచి తిరుగుతూ, అన్నం తింటూ ఉన్న మనిషి, తనకు వచ్చిన పని మాత్రం చేయకూడని పరిస్థితి ఒకటుంది. దానికి పలకరింపులుండవు. "ఏమిటి, బండి మానేశాడా?" అనే ప్రశ్నలే ఉంటాయి. మా ఇంట్లో 2022 జూన్ నుండి 2023 ఫిబ్రవరి వరకు నడిచిన కాలం అటువంటిది. స్టీరింగు పట్టి కుటుంబాన్ని పోషించేవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారికి, వారి ఇంటి ఆడవారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో దీనిని వ్రాస్తున్నాను.

మాది వీరులపాడు మండలంలో ఒక గ్రామం. పత్తి, మిరప పండే మెరక ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు మా మండలం కృష్ణా జిల్లా నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. మావారు ఇరవై ఆరేళ్ళుగా లారీ డ్రైవరు. మిర్చి రోజులలో బస్తాలు గుంటూరు యార్డుకు, మిగిలిన కాలంలో జగ్గయ్యపేట వైపు నుండి సిమెంటు తోలేవారు. నందిగామ, కంచికచర్ల మీదుగా విజయవాడ వెళ్ళే రహదారికి 9వ నంబరు ఉన్నప్పటినుండి, అది 65వ నంబరైన తరువాత కూడా ఆయన ఆ దారిని వదలలేదు.

ఎదుటి బండి వెలుగు

మొదట ఆయన ఎదుటి బండ్లవారిని తిట్టేవారు. "ఈ కాలపు లైట్లు కళ్ళు పొడుస్తున్నాయి. ఒక్కడూ డిమ్ము కొట్టడు" అనేవారు. ఎదురుగా వచ్చే దీపం పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకొని రోడ్డంతా కప్పేస్తోందని చెప్పేవారు. కళ్ళజోడు మార్పించారు. ఆరు నెలలు తిరగకుండానే ఆ అద్దాలు కూడా చాలలేదు. నా బూడిదరంగు చీర ఏదీ అని అడిగితే, నాకు బూడిదరంగు చీరే లేదని నేను నవ్వేదాన్ని.

ఆయన లైసెన్సు గడువు 2022 జూన్‌లో ముగిసింది. సొంత బండి లైసెన్సుకు, కిరాయి బండ్లు తోలే లైసెన్సుకు తేడా ఉంది. రెండవ రకం లైసెన్సు పూర్వం 3 సంవత్సరాలకే ఇచ్చేవారు. 2019లో చట్టాన్ని సవరించిన తరువాత 5 సంవత్సరాలు చేశారు. రెన్యువలు చేయించుకొన్న ప్రతిసారీ వైద్యుడు పరీక్షించి ఫారం 1-ఎ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో కంటికి సంబంధించిన ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు ప్లేటును ఈ మనిషి గుర్తించగలడా? రంగులను పోల్చుకొనే శక్తి గురించి, రేచీకటి గురించి కూడా అడుగుతారు.

వైద్యురాలు ఆయన రెండు కళ్ళూ చూసి, "శుక్లాలు వచ్చాయండీ. కుడి కంటిలో బాగా ముదిరింది. షుగరు కూడా ఎక్కువగా ఉంది. ఇప్పుడు నేను సంతకం పెట్టలేను" అని చెప్పి కాగితం తిరిగి ఇచ్చారు. ఆయనకు అప్పుడు యాభై ఒక్క సంవత్సరాలు.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. జబ్బు వల్ల గాని, అవయవలోపం వల్ల గాని మనిషి బండి నడపడానికి తగడని నమ్మడానికి కారణముంటే, గడువు ఉండగానే లైసెన్సును రద్దుచేసే అధికారం ఆ చట్టంలోని 16వ సెక్షను ఇస్తుంది. మా విషయంలో ఎవరూ రద్దు చేయలేదు. వైద్యురాలి సంతకం లేదు కనుక లైసెన్సు తనంతట తానే ఆగిపోయింది. పూర్వం గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు ఉండేది. 2019 సవరణతో అది పోయింది. ఇప్పుడు గడువు తీరిన మరునాడు బండి ఎక్కితే లైసెన్సు లేకుండా ఎక్కినట్లే. గడువు తీరినప్పటినుండి ఒక సంవత్సరం లోపల రెన్యువలు కోరవచ్చు. సంవత్సరం దాటితే, ఎంత అనుభవమున్న డ్రైవరైనా మళ్ళీ డ్రైవింగు పరీక్షకు నిలబడి నెగ్గవలసిందే.

లారీ ఓనరు మంచివాడే. "అన్నా, బండి నీదే అనుకో. కాని కాగితం లేకుండా నువ్వు ఎక్కి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు నన్ను కూర్చోబెడతారు" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. మావారు తాళాలు ఇచ్చివేసి, డ్రైవరు సీటు వెనుక మడతపెట్టి ఉంచుకొనే దుప్పటి తెచ్చుకొని ఇంటికి వచ్చారు.

ఒక సంతకం

మా పెద్దమ్మాయి అప్పుడు నర్సింగు చదువుతోంది. మూడవ సంవత్సరం ఫీజు కట్టే రోజు దగ్గరపడింది. అటువంటి సమయంలో కార్యాలయం బయట చెట్టుక్రింద బల్ల వేసుకొని కూర్చునే ఒక మనిషి మావారికి ధైర్యం చెప్పాడు. ఫోటో, కొంత డబ్బు ఇస్తే చాలట. సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రం సాయంత్రానికల్లా చేతికి వస్తుందట. వైద్యుని ఎదుటికి వెళ్ళే పని కూడా లేదట.

ఆ రాత్రి ఆయన నాతో, "ఇరవై ఆరేళ్ళు తోలాను. కళ్ళు మూసుకొన్నా ఆ రోడ్డు నాకు తెలుసు. ఒక్క సంతకమే గదా" అన్నారు.

"రోడ్డు మీకు తెలుసండీ. రోడ్డు మీద నడిచేవాళ్ళు రోజుకొకరు గదా" అన్నాను. అంతకంటే నేనేమీ అనలేదు. ఫీజు సంగతి నాకూ తెలుసు. వద్దని ఖండితంగా చెప్పడానికి నా చేతిలో డబ్బు లేదు.

తెల్లవారి ఆయన నా కుట్టుమిషను మీది టేపు తీసుకొని వీధిలోకి వెళ్ళారు. అరవై అంగుళాల టేపు అది. పదహారున్నర సార్లు వేస్తే 25 మీటర్లు అవుతుంది. ప్రక్కింటివారి ఆటో దగ్గరనుండి అంత దూరం కొలిచి, గీత గీసి, అక్కడ నిలబడ్డారు. చిన్నమ్మాయిని ఆటో దగ్గర నిలబెట్టి, తాను చదివేది సరిగా ఉందో లేదో చెప్పమన్నారు. ఆ ఆటో నంబరు ఆయనకు బాగా తెలిసినదే కనుక, అది కాదని, ఊరిలోకి కూరగాయలు తెచ్చిన వేరే బండిని ఆపించారు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశారు. అంకెలు కనిపించలేదు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశారు. నాలుగంకెలలో రెండు తప్పు చెప్పారు. చిన్నమ్మాయి, "నాన్నా, ఇంకొంచెం ముందుకు రా" అంది. ఆయన ముందుకు రాలేదు. టేపు చుట్టి నా చేతికిచ్చి, "పద, ఆసుపత్రికి పోదాం" అన్నారు.

ఆ చెట్టుక్రింది మనిషి మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఆ తొమ్మిది నెలలు

ఆపరేషను వెంటనే జరుగలేదు. ముందుగా షుగరు తగ్గించుకొని రమ్మన్నారు. మందులు, జొన్నరొట్టె, సాయంత్రపు నడక. లారీ మీద దొరికిన చోట దొరికినది తిని బ్రతికిన మనిషికి అది కూడా ఒక బడే. ఇరుగుపొరుగు పెద్దలు మాత్రం, "శుక్లం పండనివ్వాలి. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే చెడుతుంది" అని భయపెట్టారు. ఇది పాతకాలపు మాట. ఈనాటి పద్ధతిలో శుక్లం పండేదాకా ఆగనవసరం లేదు. చూపు మసకబారి రోజువారీ పనికి అడ్డమైతే చేయించుకోవచ్చు. మరీ ముదిరి గట్టిపడితే ఆపరేషను కష్టమవుతుందని కూడా వైద్యులు చెప్పారు.

ఆయన నందిగామ దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పత్తి లోడ్ల లెక్క వ్రాసే పనిలో కుదిరారు. లోపలికి వచ్చే లారీలన్నీ తెలిసినవారివే. "ఏం మావా, దిగిపోయావా?" అని అడిగేవారికి మొదట్లో ఏదో ఒకటి చెప్పి తప్పించుకొనేవారు. నెల గడిచేసరికి, "కంట్లో పొర వచ్చింది, తీయించుకొంటున్నాను" అని మామూలుగా చెప్పడం నేర్చుకొన్నారు. అలా చెప్పినందువల్ల మరో ఇద్దరు డ్రైవర్లు తమకూ రాత్రివేళ లైట్లు విచ్చుకొంటున్నాయని చెప్పి కళ్ళు చూపించుకొన్నారు. నేను కుట్టుపనితో పాటు పత్తితీతకు వెళ్ళాను. పెద్దమ్మాయి ఫీజు రెండు విడతలుగా కట్టాము.

2022 సెప్టెంబరులో కుడి కంటికి, నవంబరులో ఎడమ కంటికి ఆపరేషను జరిగింది. అంధత్వ నివారణకు మన దేశంలో 1976లోనే జాతీయ కార్యక్రమం ప్రారంభమైంది. దాని క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలోను, అనేక ధర్మాసుపత్రులలోను ఈ ఆపరేషను ఉచితంగా చేస్తారు. మాకు ఖర్చైనది చార్జీలకు, చుక్కల మందులకు మాత్రమే. కన్ను చుట్టూ మొద్దుబారడానికి మందు ఇచ్చి, మసకబారిన కటకాన్ని తీసి, దాని స్థానంలో చిన్న కృత్రిమ కటకాన్ని పెట్టారు. ఆపరేషను అరగంట కూడా పట్టలేదు. తరువాతి చుక్కలు, జాగ్రత్తలు మాత్రం వారాలకొద్దీ సాగాయి.

కంటిలో పెట్టే ఆ కటకానికి ఒక కథ ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకొన్నాయి. లండన్‌లోని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు వారికి చికిత్స చేస్తూ, ఆ ముక్కలు లోపలే ఉన్నా కన్ను వాటిని పెద్దగా ప్రతిఘటించడం లేదని గమనించాడు. అటువంటి పదార్థంతోనే కటకం చేయించి, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి కంటిలో పెట్టాడు. ఒకప్పుడు విమానం నడిపేవారి కళ్ళలో పడిన గాజువంటి ముక్కల వలన, ఇంతకాలం తరువాత వీరులపాడులో లారీ నడిపే మనిషికి చూపు వచ్చింది. మన తెలుగుదేశంలో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో స్థాపించిన కంటి సంస్థకు సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేరు పెట్టిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది.

మొదటి కంటికీ రెండవ కంటికీ మధ్య ఉన్న రెండు నెలలు ఆయనకు చిత్రంగా గడిచాయి. ఒక కంటికి లోకం కడిగినట్లు, రెండవ కంటికి పొగలో ఉన్నట్లు కనిపించేది. బేత్సయిదాలో ఒక గుడ్డివానికి చూపు రెండు విడతలుగా వచ్చిన సంగతి మార్కు సువార్తలో ఉంది. దాని అర్థం ఆ రోజులలో నాకు ఇంకొంచెం తెలిసింది. కట్టు విప్పిన మరునాడు ఆయన నన్ను చూసి, "ఈ చీర నీలం రంగుదా?" అని అడిగారు. అదే ఆయన ఇంతకాలం బూడిదరంగు అన్న చీర.

2023 ఫిబ్రవరిలో, సంవత్సరం దాటకముందే, అదే వైద్యురాలు పరీక్షించి సంతకం చేశారు. ఆలస్యానికి అదనపు రుసుము కట్టాము. లైసెన్సు రెన్యువలైంది. పాత ఓనరు దగ్గర అప్పటికే వేరే డ్రైవరున్నాడు. అతని పని పోగొట్టడం మావారికి ఇష్టం లేకపోయింది. ఇంకొక బండి దొరికేదాకా మరో నెల మిల్లులోనే ఉన్నారు.

తిరిగి రాని చూపు

మాది ఆపరేషనుతో తీరిపోయిన సమస్య. అందరికీ అలా కాదు. రంగులు పోల్చుకొనలేని లోపానికి ఆపరేషను లేదు. సి.హెచ్. జోసెఫ్ అనే ఆయన 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరారు. తరువాత వైద్యపరీక్షలో వర్ణాంధత్వం ఉందని తేలి ఉద్యోగం పోయింది. వేరే పని ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. ఆయన కోర్టుకు వెళ్ళారు. చివరకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన వేరే పని ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. అటువంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలనే ఒప్పందం కార్మికులకూ సంస్థకూ మధ్య 1979లోనే కుదిరి ఉందని ఆ తీర్పులో గుర్తుచేసింది. స్వల్పంగా గాని, మధ్యస్థంగా గాని వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా లైసెన్సు ఇవ్వవచ్చని 2021 జూన్‌లో కేంద్రప్రభుత్వం నియమాలను సవరించింది. రోడ్డు మీది ప్రాణాలను కాపాడాలి, డ్రైవరు ఇంటి పొయ్యి కూడా ఆరిపోకూడదు. ఈ రెండూ న్యాయమైనవే. మొదటిదాని పేరు చెప్పి రెండవదాన్ని మరచిపోకూడదని ఆ తీర్పు వలన నేను గ్రహించాను.

డ్రైవర్ల ఇళ్ళవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. నలభై దాటిన తరువాత ఏడాదికొకసారి కళ్ళు చూపించండి. షుగరు ఉంటే కంటి వెనుక పొరను కూడా తప్పక చూపించండి, శుక్లం తీసినంత మాత్రాన షుగరు చేసే హాని పోదు. లైసెన్సు గడువు ఎప్పుడో క్యాలెండరు మీద వ్రాసుకొని, గడువు తీరేదాకా ఆగకుండా ముందే వైద్యునివద్దకు వెళ్ళండి. గడువుకు ఏడాది ముందునుండే రెన్యువలు కోరవచ్చు. ఎదుటి లైట్లు విచ్చుకొంటున్నాయని మీ ఇంటాయన అంటే, ఎదుటివాడి తప్పని వదిలేయకండి. బండి ఆగిపోయిన రోజులలో ఆయనను "ఖాళీగా కూర్చున్నావు" అని మాత్రం అనకండి. ఆ మాట ఆయన అప్పటికే తనను తాను వందసార్లు అనుకొని ఉంటారు.

25 మీటర్లంటే పెద్ద దూరం కాదు. ఎనభై రెండు అడుగులు. మన వీధిలో నాలుగైదు ఇళ్ళంత. ఎవరికి వారు కొలిచి చూసుకోవడానికి ఒక టేపు, కొంచెం ధైర్యం ఉంటే చాలు.