ఎఫ్1 నొక్కి చూశారా?

ఇవాళ కీబోర్డు పై వరుసలో, ఎస్కేప్ పక్కనున్న మీట గురించి మాట్లాడుకుందాం. దాని పేరు ఎఫ్1. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లోనే అది నొక్కితే సహాయం తెర మీదికి వచ్చేది. అందరూ ఆ పద్ధతి పాటించలేదు లెండి. డాస్ రోజుల్లో వర్డ్‌పర్ఫెక్ట్‌లో టైపు చేసినవాళ్లకి సహాయం ఎఫ్3 మీద ఉండేదని గుర్తుండే ఉంటుంది. 1987లో ఐబీఎం అన్ని ప్రోగ్రాములూ ఒకే తీరున నడవాలని నియమాలు రాసి, సహాయానికి ఎఫ్1 అని చెప్పింది. ఆ తర్వాత అదే స్థిరపడింది. ఇప్పుడు చాలా ల్యాప్‌టాపుల్లో ఆ మీట నొక్కితే స్పీకరు మూగబోతుంది. ఎఫ్‌ఎన్ మీట పట్టుకుని నొక్కితేగాని సహాయం రాదు. ఈ చిన్న అడ్డంకి వల్లనే కాబోలు, చాలామందికి ఆ మీట అలవాటు తప్పిపోయింది.

మన ఆఫీసుల్లో సందేహం వస్తే మొదట పక్క సీటు వైపు తిరుగుతాం. మంచి అలవాటే. కానీ పక్క సీటాయన సెలవులో ఉన్నా, బదిలీ అయినా పని అక్కడే ఆగిపోతుంది. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుంటాం గానీ, అలా ఎందుకు చెయ్యాలో రాసుకోం. గూగుల్‌లో వెతుకుతాం కదా అంటారా? వెతకండి. అయితే అక్కడ దొరికేది ఏ ఎడిషన్‌కి రాసిందో, ఎవరి లెక్కకి రాసిందో తెలియదు. మీరు ఏ సెల్లులో ఉన్నారో, ఏ ఫార్ములా మధ్యలో ఆగారో మీ ఎదురుగా ఉన్న ప్రోగ్రాముకి తెలుసు.

ఇంటి అప్పే చూద్దాం. పది లక్షలు, ఏడాదికి 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ ఎంత? ఎక్సెల్‌లో దీనికి పీఎంటీ అనే ఫంక్షన్ ఉంది. ఒక సెల్లులో ఈక్వల్ గుర్తు పెట్టి, పీఎంటీ అని కొట్టి, బ్రాకెట్ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ‘ఏ’ మీటలు మూడూ కలిపి నొక్కండి. రేటు, వాయిదాల సంఖ్య, అసలు అని ఏమేం ఇవ్వాలో వాటి పేర్లు ఇంగ్లీషులో వరుసగా వచ్చి కూర్చుంటాయి. ఇంకా తీరిగ్గా చూడాలంటే షిఫ్ట్‌తో ఎఫ్3 నొక్కండి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఏ గడిలో కర్సరు పెడితే ఆ గడికి తగ్గ వివరణ కింద కనిపిస్తుంది. జవాబు కూడా అక్కడే తేలుతుంది. అడుగున, ఎడమ పక్కన, ఆ ఫంక్షన్ గురించిన సహాయానికి లింకు ఉంటుంది.

ఆ లింకు నొక్కి చదివినవాళ్లకి ఒక హెచ్చరిక దొరుకుతుంది: రేటూ, వాయిదాల సంఖ్యా ఒకే కొలతలో ఉండాలి. నెలనెలా కట్టే అప్పైతే వడ్డీని 12తో భాగించాలి, ఏళ్లను 12తో హెచ్చించాలి. అలా చేస్తే నెలకు 8,997 రూపాయలు వస్తుంది. ముందు మైనస్ గుర్తుంటే కంగారు పడకండి, అది మీ చేతి నుంచి వెళ్లే డబ్బని అర్థం. ఇక వడ్డీ 9 శాతమే ఉంచి వాయిదాలు 240 అని ఇస్తే 90,000 వస్తుంది. అంత తేడా ఎవరికైనా కంటబడుతుంది. కంటబడని తప్పు వేరే ఉంది. 9 శాతం, 20 ఏళ్లు అని ఇస్తే ఏడాదికి 1,09,546 వస్తుంది. దాన్ని 12తో భాగిస్తే 9,129. చూడ్డానికి నిజంలాగే ఉంటుంది, నెలకు 132 రూపాయలు ఎక్కువ. ఇరవై ఏళ్లకి లెక్కేస్తే ముప్పై వేలు దాటుతుంది. సహాయం పేజీలో ఉన్న ఒక్క వాక్యం ఈ తప్పుని ఆపుతుంది. అందుకే దాన్ని చదవమని ఇంతగా అడుగుతున్నాను.

సహాయం అనగానే కొంతమందికి కాగితాల క్లిప్పు గుర్తొస్తుంది. ఆఫీస్ 97తో వచ్చింది. కళ్లు తిప్పుతూ తెర మూలన నిలబడేది. బొమ్మ గీసింది కెవన్ అటెబెరీ. వెనక మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఎరిక్ హార్విట్జ్ బృందం 1993లో మొదలుపెట్టిన లుమియేర్ అనే పరిశోధన ఉంది. మనిషి ఏం చెయ్యబోతున్నాడో, అతనికి ఎంత తెలుసో అంచనా కట్టి, అవసరమైనప్పుడే సలహా ఇవ్వాలన్నది వాళ్ల ఆలోచన. బజారులోకి వచ్చిన క్లిప్పులో ఆ అంచనా చాలావరకు లేదు. ఉత్తరం మొదలుపెడితే చాలు, సాయం కావాలా అని ప్రత్యక్షమయ్యేది. నిన్న వద్దన్నది ఇవాళ గుర్తుండేది కాదు. మౌసు కుడి బటన్ నొక్కి దాని బదులు పిల్లినో కుక్కనో పెట్టుకునే వీలు మాత్రం ఉండేది. 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని మొదటినుంచే ఆపి ఉంచారు, ఆఫీస్ 2007లో పూర్తిగా తీసేశారు. దాని వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, సహాయం అని ఏ పెట్టె వచ్చినా చదవకుండా మూసేయడం జనానికి అలవాటైంది. పిలవనిదే వచ్చే సహాయం వద్దు, పిలిస్తే పలికే సహాయం కావాలి. నా అభిప్రాయం అంతే.

పిలిస్తే పలికేది ఇప్పుడు ఉంది. ఆఫీస్ 2016 నుంచి ఆల్ట్‌తో క్యూ నొక్కితే పైన వెతుకులాట పెట్టె వస్తుంది. ఏం కావాలో అందులో టైపు చేస్తే ఆ కమాండునే తెచ్చి చేతిలో పెడుతుంది. ఏ మెనూలో దాగుందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. లిబ్రెఆఫీస్ వాడేవాళ్లకి 7.2 నుంచి షిఫ్ట్‌తో ఎస్కేప్ అదే పని చేస్తుంది. అందులోనే షిఫ్ట్‌తో ఎఫ్1 నొక్కి ఏ బటన్ మీద మౌసు పెట్టినా దాని వివరణ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీసులో బటన్ మీద మౌసు ఉంచితే తేలే చిన్న చీటీ మీకు చాలా పెద్దదనిపిస్తే, ఫైల్, ఆప్షన్స్, జనరల్‌లో స్క్రీన్‌టిప్ స్టైల్ అన్నచోట వివరణ తీసేసి పేరు మాత్రం ఉంచుకోవచ్చు. వర్డ్‌లోనైతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఒక టిక్కు పెడితే ఆ చీటీలోనే షార్ట్‌కట్ మీటలు కూడా కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్ల కంప్యూటర్లలో ఆ టిక్కు తప్పకుండా పెట్టండి.

ఇంతవరకూ కంపెనీవాళ్లు రాసిన సహాయం. అసలు మాట ఇప్పుడు చెబుతాను. మీ బడి, మీ సొసైటీ, మీ మండలాఫీసు పని ఎలా చెయ్యాలో ఏ కంపెనీ సహాయంలోనూ ఉండదు. అది మీరే రాయాలి, ఆ షీటులోనే రాయాలి, తెలుగులో రాయాలి.

విద్యార్థుల వివరాల షీటు ఉందనుకోండి. అందులో బ్యాంకు ఖాతా నంబరు గడి ఉంటుంది. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరుని మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో ఇంగ్లీషు ‘E’ అక్షరంతో వింతగా కనిపిస్తుంది. పుట్టిన తేదీ సంగతి ఇంకా మెత్తగా దెబ్బ తీస్తుంది. విండోస్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే, జూన్ 5 అనుకుని మీరు కొట్టిన 05-06-2012 మే 6 అయిపోతుంది, 13-06-2012 అసలు తేదీగానే లెక్కకి రాదు. ఇవన్నీ టైపు చేసేవాళ్ల తప్పులు కావు. వాళ్లకి ముందే చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల వస్తాయి.

చెప్పే వీలు ఎక్సెల్‌లోనే ఉంది. ముందుగా ఖాతా నంబరు, ఆధార్ ఉన్న నిలువు వరుసల ఫార్మాట్ టెక్స్ట్ అని మార్చండి. తర్వాత గళ్లు ఎంచుకుని డేటా ట్యాబ్‌లో డేటా వాలిడేషన్ తెరవండి. అందులో ఇన్‌పుట్ మెసేజ్ అని ఉంటుంది. శీర్షిక 32 అక్షరాలు, మాట 255 అక్షరాలు మించకూడదు. ఆ గడిలోకి ఎవరు అడుగుపెట్టినా మీరు రాసిన మాట పసుప్పచ్చ చీటీగా కనిపిస్తుంది. నిబంధన ఏదీ పెట్టకుండా చీటీ ఒక్కటే పెట్టుకోవచ్చు కూడా. తెలుగులో రాసేటప్పుడు ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకి వస్తాయి. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు, కంప్యూటరు లెక్కలో ఏడు. కాబట్టి పొడుగు వాక్యాలు వద్దు. "రోజు, నెల, ఏడాది వరుసలో రాయండి. ఆధార్‌లో ఉన్నదే రాయండి" అంటే చాలు. పక్కనున్న ఎర్రర్ అలర్ట్‌లో తప్పు పడినప్పుడు వచ్చే ఇంగ్లీషు వాక్యం తీసేసి మీ మాట రాయొచ్చు. ఒకటి గమనించండి: వేరేచోట నుంచి కాపీ చేసి అతికిస్తే ఈ కాపలా పనిచెయ్యదు. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో ఇదే డేటా మెనూలో వాలిడిటీ కింద, ఇన్‌పుట్ హెల్ప్ అని ఉంటుంది.

వర్డ్‌లో దరఖాస్తు ఫారాలు చేసేవాళ్లకి ఇంకో మంచి సదుపాయం ఉంది, చాలామంది చూసి ఉండరు. డెవలపర్ ట్యాబ్‌లో లెగసీ ఫారం గడులుంటాయి. ఒకదాన్ని పెట్టి దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే యాడ్ హెల్ప్ టెక్స్ట్ అనే బటన్ వస్తుంది. అక్కడ మీరు రాసిన మాట, ఫారం నింపేవాళ్లు ఆ గడిలో ఉండి ఎఫ్1 నొక్కినప్పుడు కనిపిస్తుంది. 255 అక్షరాలు పడతాయి. కింద స్టేటస్ బార్‌లో కనిపించేలా 138 అక్షరాల మాట వేరే రాయొచ్చు. ఫారాన్ని నింపడానికి మాత్రమే అని రక్షణ పెట్టాకే ఇవి పనిచేస్తాయి.

మీరు చేతులు మారబోయే షీటు ఒకటి ఇప్పుడు తయారు చేస్తూ ఉండే ఉంటారు. అందులో ప్రతిసారీ ఏ గళ్లలో తప్పులు వస్తాయో మీకే బాగా తెలుసు. ఆ గళ్లకి ఈ వారమే తెలుగులో చీటీలు రాసి, మీ తర్వాత ఆ సీట్లోకి వచ్చేవాళ్లకి అప్పగించండి.