టైగ్రిస్ గట్టున ఇళ్ల యుద్ధం

హజర్ సరస్సు దాపున కొండల్లో పుట్టిన టైగ్రిస్, ఆగ్నేయ టర్కీలోని దియార్‌బకీర్ దగ్గర హెవ్సెల్ తోటల్ని ఒరుసుకుంటూ పారుతుంది. తోటల పైన నల్లరాతి కోటగోడ, గోడ లోపల సూర్ అనే పాతబస్తీ. ఈ కోటనూ తోటలనూ 2015 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సరిగ్గా అదే నెలలో టర్కీ ప్రభుత్వానికీ కుర్దుల సాయుధ సంస్థ పీకేకేకీ మధ్య రెండేళ్లుగా నడుస్తున్న శాంతి ప్రయత్నం కుప్పకూలింది. స్వపరిపాలన ప్రకటనల వెంట, పీకేకే బాటలో నడిచే యువకులు సూర్ సందుల్లో కందకాలు తవ్వారు, మందుపాతరలు పెట్టారు, స్నైపర్ల కంట పడకుండా వీధికి అడ్డంగా పరదాలు కట్టారు, ఒక ఇంట్లోంచి మరో ఇంట్లోకి గోడలకు కన్నాలు పెట్టారు. ఇక్కడ తుపాకులు వద్దని నాలుగు కాళ్ల మినార్ ముందు నిలబడి కోరిన న్యాయవాది తాహిర్ ఎల్చి, నవంబరు 28న అక్కడే తూటాకు బలయ్యాడు.

పట్టణంలో జరిగే యుద్ధాన్ని కాల్పులు ఆగిన రోజుతో కొలవకూడదని నా వాదన. ఆ ఇళ్లలోకి తిరిగి ఎవరు రాగలిగారన్నదే అసలు కొలమానం. సూర్‌లో ఉన్నవాళ్లలో చాలామంది 1990లలో సైన్యం ఖాళీ చేయించిన పల్లెల నుంచి వచ్చినవాళ్లే. నడివీధిలో మందుపాతరలుంటే ఏ ప్రభుత్వం ఊరుకుంటుందని అడగవచ్చు. ఊరుకోదు, నిజమే. కానీ సూర్‌లో పోరు ముగిసిందని 2016 మార్చి 9న ప్రకటించారు. పాతబస్తీలో అధిక భాగాన్ని అత్యవసరంగా స్వాధీనం చేసుకోవాలని మంత్రివర్గం తీర్మానించింది ఆ తర్వాతే, అదే నెలలో. అప్పటికి ఆ సందుల్లో తుపాకీ పట్టినవాడు లేడు. బుల్‌డోజర్లు కూల్చింది జనం గూడునే.

 

టైగ్రిస్ వెంట దిగువకు వెళ్తే, సిరియా సరిహద్దుకు చేరువలో జిజ్రే పట్టణం వస్తుంది. అక్కడ 2015 డిసెంబరు 14 నుంచి మార్చి 2 దాకా రాత్రీపగలూ కర్ఫ్యూ. నేలమాళిగల్లో 189 మంది దాకా నీళ్లూ మందులూ లేక చిక్కుకుని, చివరకు ప్రాణాలు కోల్పోయారని ఐరాస మానవహక్కుల కార్యాలయం నమోదు చేసింది. ఆ నివేదిక ఏకపక్షమని ప్రభుత్వం కొట్టిపారేసింది, లోపలున్నది ఉగ్రవాదులేనంది. అదే నిజమనుకున్నా, గాయపడి పడివున్నవాడికి అంబులెన్సు అందనివ్వకపోవడానికి అది సమాధానం కాదు. తిరుగుబాటుదారులకూ ఇందులో సగపాలుంది. స్వపరిపాలన ప్రకటించేముందు ఆ వీధుల్లోని తల్లుల్ని ఎవరూ అడగలేదు. ఊరంతా తిరగబడుతుందని వాళ్లు లెక్కవేశారు. ఊరు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఆగ్నేయ టర్కీలో 2016 చివరికి దాదాపు 2,000 మంది చనిపోయారనీ, వారిలో సుమారు 800 మంది భద్రతా సిబ్బందేననీ, నిరాశ్రయులు 3.55 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటారనీ ఐరాస అంచనా.

సంస్థను రద్దు చేస్తున్నామని 2025 మేలో పీకేకే ప్రకటించింది. జులైలో ఇరాక్ కుర్దిస్థాన్‌లో దాని సభ్యులు కొందరు తుపాకులను మంటల్లో వేశారు. ఆయుధాల అప్పగింతతోనే ప్రభుత్వంతో చర్చలు ఆగిపోకూడదు. సూర్‌లో లాక్కున్న స్థలాలకు హక్కుపత్రాలు, జిజ్రే నేలమాళిగలపై స్వతంత్ర విచారణ, జనావాసాల్లో కందకాలు తవ్వాలన్న నిర్ణయంపై పీకేకే నాయకత్వం నుంచి జవాబు, ఈ మూడూ చర్చల బల్ల మీదికి రావాలి.