తొడ చప్పుడు

2024 డిసెంబరులో అడిలైడ్ టెస్టు ముగిసిన రెండో రోజున మా అబ్బాయి పేపరు తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, ఇదేం న్యాయం?" అన్నాడు.

సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 140 పరుగులు చేసిన ట్రావిస్ హెడ్‌ను మన హైదరాబాదు సిరాజ్ బౌల్డ్ చేసి, పెవిలియన్ దారి చూపించాడు. మాటా మాటా పెరిగింది. తరువాత ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారు. ఇద్దరికీ చెరొక డీమెరిట్ పాయింటు పడింది. జరిమానా మాత్రం సిరాజ్‌కే, మ్యాచ్ ఫీజులో 20 శాతం! హెడ్ మీద మోపినది దుర్భాషల నిబంధన. సిరాజ్ మీద మోపినది ఔటైనవాణ్ణి రెచ్చగొట్టే చేష్టల నిబంధన. నోటికంటే చేతికి ఖరీదు ఎక్కువన్నమాట.

సంబరానికి హద్దు ఉండాలనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అదే నెలలో మెల్బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, యాభై పరుగులు కాగానే గడ్డం కింద బ్యాటు రాసి 'పుష్ప' వేషం వేశాడు. అది ఎవరినీ ఉద్దేశించినది కాదు, పేచీ లేదు. మరుసటి జూలైలో లార్డ్స్‌లో డకెట్ మొహం మీదికి వెళ్ళి అరిచినందుకు సిరాజ్‌కు మళ్ళీ 15 శాతం వేశారు. అదీ సబబే అంటాను. ఫుట్‌బాల్‌లో గోలు కొట్టి చొక్కా విప్పితే పసుపు కార్డు, విప్పినవాడు ఎవరైనా సరే. చిక్కంతా రిఫరీ తన కంటితో తూచవలసిన చోటే వస్తుంది.

అబ్బాయి జవాబు కోసం నిలబడే ఉన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను. వాడికి నేను ఇంతవరకు చెప్పని కథ ఒకటుంది.

పదేళ్ళ కిందట, సంక్రాంతి సెలవుల ముందు, మా కాలేజీలో కబడ్డీ పోటీ. వ్యాయామం మాస్టారికి జ్వరం వచ్చి, ఈల నా మెడలో పడింది. తెలుగు ఎమ్మేకీ కబడ్డీకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు! క్రితం ఏడు తొడగొట్టడం దగ్గరే కొట్లాట జరిగిందని, "ఈసారి తొడ కొడితే ఎదుటి జట్టుకు ఒక పాయింటు" అని ముందే చాటాను.

హాస్టల్లో ఉండే దివిసీమ కుర్రాడొకడు కూతకు వెళ్ళి ముగ్గుర్ని అంటుకుని వచ్చి, గీత దాటగానే తొడ చరిచాడు. ఈల వేశాను. పాయింటు పోయింది. ఆఖరి నిమిషాల్లో మా గుడ్లవల్లేరు కుర్రాడు, నా క్లాసులో పద్యం కమ్మగా చదివేవాడు, అదే పని చేశాడు. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఈల నోట్లోనే ఉంది, ఊదలేదు.

హాస్టలు జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. దివిసీమ కుర్రాడు దగ్గరికి వచ్చి, మెల్లిగా, "నా తొడ మరీ గట్టిగా మోగిందాండీ, మాస్టారూ?" అన్నాడు.

సెలవులయ్యాక క్లాసులో గదాయుద్ధం చెబుతున్నాను. భీముడు నాభికి దిగువను కొట్టాడని బలరాముడు నాగలి ఎత్తిన ఘట్టం. కొట్టినవాడూ శిష్యుడే, పడినవాడూ శిష్యుడే. పుస్తకంలోంచి తలెత్తి చూస్తే, వెనక బెంచీలోంచి అతను నన్నే చూస్తున్నాడు.

ఆవేళ పాఠం పది నిమిషాలు ముందే ముగించాను.